బోడి కొమ్మల పసుపు

మన్ననూరు దవాఖాన ఎస్తేరు సిస్టర్
రిటైరయ్యే రోజు కట్టుకోవడానికి
కొండగోగు పువ్వు రంగు చీర అడిగింది.
ఫోటో పంపమంటే
"ఆ రంగు ఫోనుకు అర్థం గాదు శాంతప్పా,
మాఘం పోకముందే వచ్చి చూసిపో" అన్నది.

నలభై ఏండ్లసంది రంగు కాచే చేతులు నావి.
గోళ్ల సందుల్ల ఎన్ని పసుపులున్నయో నాకే లెక్క తెల్వదు.
కొమ్ము పసుపు, నిమ్మ పసుపు, తంగేడు పసుపు,
పెండ్లికొకటి, ఒడిబియ్యానికొకటి.
ఆరు పట్టు లడీలు సంచిల పెట్టుకొని
గద్వాలల తొలి బస్సెక్కిన.

బీచుపల్లి వంతెన మీద నిద్ర,
వనపర్తిల చాయ,
అచ్చంపేటల ఇంకో బస్సు.
చెక్‌పోస్టుకాడ గార్డు "పనేంది?" అన్నడు.
"పువ్వు జూసేది" అన్న.
రిజిస్టర్ల గడి చిన్నగుండె,
టూరిస్టు అని రాసుకున్నడు.

ఎండిన టేకాకుల మీద మా నడక
ఎవరో అప్పడాలు నమిలినట్టున్నది.
ముందల చిగుర్ల ఈదమ్మ,
నడుముకు కత్తి, చంకల బంక బుట్ట.
ఆమె ముగ్గురు పిల్లలనూ
సిస్టరే భూమ్మీదికి తీసిందట.
నడిమిది నిలువలేదట.
ఆ మాట చెప్పేటప్పుడు కూడ నడక ఆపలే.

బండల సందుల ఉన్నదది.
ఒక్క ఆకు లేదు.
మోకాలు చిప్పల్లెక్క గంట్లుగంట్లు కొమ్మలు,
కొసకొసకూ అరచెయ్యంత పువ్వు.
సంచి విప్పిన.
మొదటి లడీ పువ్వు పక్కన పెడితే మురికి.
రెండోది కామెర్ల కన్ను.
మూడోది బడి గోడకేసిన సున్నం.
నాలుగోది దగ్గరిదాక పోయి ఆగింది,
చుట్టమై కూడ కడప దాటని మనిషి తీరు.
ఐదు, ఆరు తియ్యనే లేదు.

ఈదమ్మకు నవ్వాగలే.
"పొద్దు పొడువంగ వెన్న తీరుంటది,
పొద్దు నెత్తిమీదికొస్తె మండుతది,
రాలినంక ఇగో, మన్ను తాకి ఇట్లయితది.
ఏది గావాలె నీకు?"

జవాబు లేక రొట్టె విప్పిన.
జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, ఇద్దరం తిన్నం.
మొద్దుకు ఒక దిక్కు కత్తిగాట్లు,
గాట్ల మీద గడ్డకట్టిన బంక.
ఆ దిక్కు కొమ్మకు పువ్వు పలచన.
నేను చూసేది ఆమె చూసింది.
"రేషను రాని యేడు గాట్లయి" అన్నది.
"మల్ల పూస్తదిలే. ఇటు దిక్కు చెయ్యి పెట్టలే."

ఒక మబ్బుతునుక పొద్దుకు అడ్డమొచ్చింది.
పసుపు తగ్గుతదనుకున్న.
తగ్గలే.
బూడిద కొమ్మ ఇంకింత బూడిదై వెనక్కి జరిగింది,
పువ్వు లేసి నా మీదికొచ్చింది.
ఎంతసేపు నిలబడ్డనో,
మెడ పట్టేసింది.

రొట్టె డబ్బల ఒక పువ్వు పెట్టుకున్న.
అచ్చంపేట రాంగనే మూత తీస్తే
నమిలి ఉమ్మిన ఆకు లెక్క.

ఇంటికొచ్చి పొయ్యి మీద కాచింది పసుపు గాదు,
బూడిద.
మా ఇంటామె మొకం మాడ్చింది.
"పండుగలెక్క కట్టే చీర,
పలకరింపుకు పోయేదిలెక్క చేస్తివి."
ఏమనలే.
నాలుగో లడీని మల్ల రంగుల ముంచలే,
అట్లనే బుటాలకు పెట్టిన.
అది పువ్వు పసుపు గాదు.
బూడిద నడుమ కూసున్నంక
పువ్వు దిక్కు చెయ్యి చూపిస్తున్నది, అంతే.

కొంగు దగ్గర ఒక్కకాడ పోగు బిగుసుకున్నది.
ఈదమ్మ బుట్ట తాకినప్పుడు అంటిన బంక.
తుంచి ముడేయొచ్చు.
ఆడనే ఉండనిచ్చిన.

మొత్తం పసుపే అడిగిన మనిషి
మడత విప్పి ఏమంటదో.
శుక్రవారం బస్సుకు పోతున్న.
అప్పటికి పువ్వుండదట,
కాయలు పగిలి దూది ఎగురుతుంటదట కొండ నిండ.
ఏ రాట్నానికీ
చిక్కని దూది.